సౌండ్ టక్ టక్‌మని కట్ అవుతోందా? బఫర్ పెంచాలా, డ్రైవర్ మార్చాలా, కొత్త కార్డు కొనాలా

కంప్యూటర్‌కి కలిపిన కీబోర్డ్ వాయిస్తుంటే అంతా బాగానే ఉంటుంది. కొద్దిసేపటికి ఒక ‘టక్’. మళ్లీ బాగానే ఉంటుంది. ఇంకొంతసేపటికి మళ్లీ అదే ‘టక్’. ఇంట్లో స్టూడియో పెట్టుకున్నవాళ్లలో ఈ బాధ పడనివాళ్లు తక్కువ. దీనికి దొరికే సలహాలూ ఎప్పుడూ అవే: బఫర్ (శబ్దాన్ని ముందే కొంత నిల్వ చేసుకునే చోటు) పెంచు, ఏషియో ఫర్ ఆల్ డ్రైవర్ వేసుకో, సౌండ్ కార్డు (మైక్, స్పీకర్లని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) మార్చు, మ్యాక్ కొను, లైనక్స్‌కి వెళ్లిపో. ఇవన్నీ ఎవరో ఒకరికి నిజంగా పనిచేసినవే. మీకు ఏది పనిచేస్తుందన్నది మాత్రం మీ సిస్టమ్‌లో వస్తున్న కట్‌ని కొలిస్తేనే తెలుస్తుంది.

అందుకే రెండు అంకెలు చేతిలో లేకుండా ఏ దారీ పట్టవద్దని గట్టిగా చెబుతాను. కట్ ఎంతసేపటికొకసారి వస్తోంది? వచ్చినప్పుడు ఎంతసేపు ఉంటోంది? మొదటి అంకె కారణం ఎక్కడుందో చూపిస్తుంది. రెండోది బఫర్ పెంచితే లాభం ఉందో లేదో తేలుస్తుంది. కొనుగోళ్ల మాట ఆ తర్వాతే.

ఒక చిన్న హెచ్చరిక. ఆగకుండా ‘గుయ్’మని వచ్చే శబ్దం వేరే సమస్య. అది ఎక్కువగా ఎర్తింగ్ వల్లో, లాప్‌టాప్ చార్జర్ వల్లో వస్తుంది. చార్జర్ తీసేస్తే ఆగిపోతే అదేనని తెలిసిపోతుంది. ఈ వ్యాసం దాని గురించి కాదు.

పావుగంట టెస్ట్

రెండు వైపులా జాక్ ఉన్న టీఆర్‌ఎస్ కేబుల్ ఒకటి తీసుకోండి. సౌండ్ కార్డు ఔట్‌పుట్ 1లో ఒక కొస, ఇన్‌పుట్ 1లో రెండో కొస పెట్టండి. ఇన్‌పుట్‌ని లైన్‌లో పెట్టి గెయిన్ పూర్తిగా తగ్గించండి. 48 వోల్టుల ఫాంటమ్ (మైక్‌కి కరెంటు ఇచ్చేది), డైరెక్ట్ మానిటర్ రెండూ ఆపేయండి. రీపర్‌లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక ట్రాక్ మీద టోన్ జనరేటర్ వేసి 1,000 హెర్ట్జ్ పెట్టండి. ఇంకో ట్రాక్‌లో ఇన్‌పుట్ 1ని రికార్డుకి పెట్టండి. ఈ ట్రాక్ మానిటరింగ్ ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే కూత మొదలవుతుంది. మీరు రోజూ వాడే బఫర్ సైజు, రోజూ తెరిచి ఉంచే ప్రోగ్రాములు, వైఫై అన్నీ అలాగే ఉంచి పావుగంట రికార్డు చేయండి.

ఆ ఫైల్‌ని ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో తెరిచి స్పెక్ట్రోగ్రామ్ వ్యూ పెట్టండి. టోన్ ఒక సన్నటి అడ్డగీతలా ఉంటుంది. కట్ అయిన ప్రతిచోటా పైనుంచి కిందికి ఒక నిలువుగీత పడుతుంది. చెవికి అందనివి కూడా ఇక్కడ దొరికిపోతాయి. ప్రతి నిలువుగీత టైమూ ఒక కాగితం మీద రాసుకోండి. ఒక దాని మీద బాగా జూమ్ చేయండి. 48 కిలోహెర్ట్జ్ రికార్డింగులో, అంటే సెకనుకు 48,000 శాంపిళ్లు (శబ్దపు కొలతలు) తీసేచోట, ఈ టోన్ ఒక్కో అలకి 48 శాంపిళ్లు పడతాయి. బఫర్ 128 అయితే ఒక బఫర్ పోయినచోట దాదాపు రెండున్నర అలలు మాయమై, గీత చదునుగా కనిపిస్తుంది. కొన్ని డ్రైవర్లు ఆ ఖాళీలో పాత ముక్కనే ఇంకోసారి వినిపిస్తాయి. ఇంకోరకం కట్‌లో ఖాళీయే ఉండదు, అల ఒకచోట తెగి ఇంకోచోట అతికినట్టు ఎగురుతుంది. ఆ చదును ఎంత పొడవుందో మిల్లీసెకన్లలో కొలిచి రాసుకోండి.

మీరు మైక్ ఒక పరికరం నుంచి, హెడ్‌ఫోన్ ఇంకో పరికరం నుంచి వాడుతుంటే టెస్ట్ కూడా అలాగే చేయాలి. మామూలుగా వాడే దారిలోనే శబ్దం వెళ్లి రావాలి.

బఫర్ పెంచడం: ఎప్పుడు చాలు, ఎప్పుడు చాలదు

48 కిలోహెర్ట్జ్ దగ్గర 64 శాంపిళ్ల బఫర్ అంటే 1.3 మిల్లీసెకన్లు. 128 అంటే 2.7, 256 అంటే 5.3, 512 అంటే 10.7, 1024 అంటే 21.3. బఫర్ మన డాబా మీది నీళ్ల ట్యాంకులాంటిది. కరెంటు పోయి మోటారు ఆగినా ట్యాంకులో నీళ్లు ఉన్నంతసేపు కుళాయి ఆగదు. కంప్యూటర్ ఏదో పనిలో పడి 4 మిల్లీసెకన్లు మీ పాటని పట్టించుకోకపోతే 128 బఫర్ ఖాళీ అయిపోతుంది, 256 అయితే గట్టెక్కిస్తుంది.

కాబట్టి కొలిచిన ఖాళీలు రెండుమూడు మిల్లీసెకన్లే అయితే ఒక మెట్టు బఫర్ పెంచి పని చూసుకోండి. దానికోసం నిద్ర మానుకోనక్కర్లేదు. ఖాళీ 30, 40 మిల్లీసెకన్లు ఉంటే మాత్రం వాయించడానికి వీలైన ఏ బఫరూ మిమ్మల్ని కాపాడదు. 2048 పెడితే కట్ పోవచ్చు, కానీ కీ నొక్కిన చాలాసేపటికి శబ్దం వస్తుంది. అక్కడ కారణాన్ని పట్టుకోవాల్సిందే.

ఎంత ఆలస్యం భరించగలమన్నది మీరు చేసే పనిని బట్టి ఉంటుంది. శబ్దం గాలిలో ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు వెళుతుంది. అంటే మొత్తం ఆలస్యం 10 మిల్లీసెకన్లు ఉంటే మూడున్నర మీటర్ల దూరంలో ఉన్న స్పీకర్ నుంచి విన్నట్టే. కీబోర్డ్ వాయించేవాళ్లలో చాలామంది దీనితో సర్దుకోగలరు. రిథమ్ ప్యాడ్ మీద ద్రుతంలో వాయించేవాళ్లకి ఇంకా తక్కువ కావాలి. పాడేవాళ్ల సంగతి వేరు. తమ గొంతు తలలోంచి వెంటనే వినిపిస్తూ, హెడ్‌ఫోన్‌లో కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపిస్తే కొద్ది తేడాకే ఇబ్బంది పడతారు. అయితే వాళ్లకి అసలు తక్కువ బఫరే అక్కర్లేదు. సౌండ్ కార్డు మీద డైరెక్ట్ మానిటర్ బటన్ నొక్కితే గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లకుండానే హెడ్‌ఫోన్‌కి వస్తుంది. అప్పుడు బఫర్ 1024 పెట్టుకున్నా పాటకి ఏ నష్టమూ లేదు. కవర్ సాంగ్స్ పాడి రికార్డు చేసుకునేవాళ్లలో చాలామందికి ఈ ఒక్క బటనే పూర్తి పరిష్కారం. వాళ్లు కొత్త కార్డు కొంటామంటే నాకు నిజంగా బాధేస్తుంది.

టైములు ఏం చెబుతున్నాయి

కాగితం మీద రాసుకున్న టైములు ఇప్పుడు చూడండి.

టెస్టులో ఏ నిలువుగీతా పడలేదు, కానీ మీ పాట ప్లే చేస్తే రెండో చరణం మొదట్లోనో, వయొలిన్లూ కోరస్ కలిసినచోటో, ప్రతిసారీ అదే బార్ దగ్గర కట్ అవుతోందంటే అది లోడ్. సీపీయూ మొత్తం 40 శాతమే చూపిస్తున్నా మోసపోకండి. ఒక ట్రాక్ మీద వరుసగా పెట్టిన ప్లగిన్లు (ఎఫెక్టులు, వాయిద్యాలు ఇచ్చే ప్రోగ్రాములు) సాధారణంగా ఒకే కోర్ మీద నడుస్తాయి, ఆ ఒక్క కోర్ నిండితే చాలు. రీపర్ పెర్ఫార్మెన్స్ మీటర్‌లో ఆర్‌టీ సీపీయూ అని విడిగా చూపిస్తుంది, చూడాల్సింది దాన్నే. బరువైన ట్రాకుల్ని ఫ్రీజ్ చేయండి, అంటే ప్లగిన్లతో సహా మామూలు ఆడియోగా మార్చి పెట్టండి. శాంపిల్ లైబ్రరీలు (రికార్డు చేసి పెట్టిన వాయిద్యాల శబ్దాలు) పాత హార్డ్ డిస్క్‌లో ఉంటే ఎస్‌ఎస్‌డీలోకి మార్చండి.

మొదటి అరగంట ఏమీ లేకుండా తర్వాత మొదలై పెరుగుతూ పోతే అది వేడి. ఇది మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మరీ ఎక్కువ. మైక్‌లో శబ్దం పడుతుందని ఫ్యాన్ ఆపేస్తాం, ఏసీ ఆపేస్తాం, గదిలో లాప్‌టాప్ ఉడికిపోయి ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. లోపలి దుమ్ము దులిపించడం, లాప్‌టాప్ కింద గాలి ఆడేలా ఎత్తు పెట్టడం, టేకుకీ టేకుకీ మధ్య ఫ్యాన్ వేయడం ముందు చేసి చూడండి.

సరిగ్గా కొలిచినట్టు ప్రతి 15 సెకన్లకో, నిమిషానికో వస్తుంటే ఆ కట్ వెనక క్రమం తప్పకుండా పనిచేసే ఏదో ఒకటి ఉంది. వైఫై కార్డు చుట్టుపక్కల నెట్‌వర్కుల కోసం వెతుక్కుంటూ ఉండొచ్చు. విండోస్ లాప్‌టాప్ బ్యాటరీ ఎంతుందో అడుగుతూ ఉండొచ్చు. ఫ్యాన్ల వేగం, రంగు లైట్లు చూసుకునే ప్రోగ్రాములు సెన్సర్లని పదేపదే చదువుతూ ఉండొచ్చు. ఈ రకం వాళ్లే ఎక్కువగా అనవసరంగా డబ్బు పోగొట్టుకుంటారు, ఎందుకంటే సౌండ్ కార్డు మార్చినా అదే కట్ అదే టైముకి వస్తుంది.

విండోస్‌లో కారణాన్ని పట్టుకోవడం

లేటెన్సీమోన్ అనే ప్రోగ్రాం వేసుకుని పావుగంట నడపండి. ఏ డ్రైవర్ ప్రాసెసర్‌ని ఎక్కువసేపు పట్టి ఉంచిందో పేరుతో సహా చూపిస్తుంది. ఎన్‌డీఐఎస్ డాట్ సిస్ అని వస్తే నెట్‌వర్క్ వైపు చూడాలి. ఏసీపీఐ డాట్ సిస్ అయితే పవర్, బ్యాటరీ. ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం డాట్ సిస్ అయితే ఎన్విడియా గ్రాఫిక్స్. స్టోర్‌పోర్ట్ అయితే డిస్క్. డబ్ల్యూడీఎఫ్01000 అని వస్తే కాస్త జాగ్రత్త, దాని చాటున వేరే పరికరం డ్రైవర్ ఉంటుంది.

పేరు చూసి నిర్ధారించేయకుండా టెస్టు మళ్లీ చేయండి. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి పావుగంట టోన్ రికార్డు చేయండి. నిలువుగీతలు మాయమైతే వైఫై డ్రైవర్ అప్‌డేట్ చేయడమో, రికార్డింగ్ వేళ వైఫై ఆపడమో, ల్యాన్ వైరు పెట్టుకోవడమో చాలు. ఏసీపీఐ మీద అనుమానం ఉంటే డివైస్ మేనేజర్‌లో బ్యాటరీస్ కింద ఉండే ‘మైక్రోసాఫ్ట్ ఏసీపీఐ కంప్లయంట్ కంట్రోల్ మెథడ్ బ్యాటరీ’ని డిజేబుల్ చేసి చూడండి. దీనివల్ల బ్యాటరీ పాడవదు. కాకపోతే చార్జింగ్ ఎంతుందో కనిపించదు, అయిపోతోందన్న హెచ్చరికా రాదు. కరెంటు పోయిన సంగతి గమనించకుండా పాడుతూ ఉంటే లాప్‌టాప్ చటుక్కున ఆగిపోతుంది, టేక్ పోతుంది. అందుకే రికార్డింగ్ అయ్యాక మళ్లీ ఎనేబుల్ చేసుకోవడం మరవద్దు.

పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టడం, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపడం, కార్డుని హబ్‌లో కాకుండా నేరుగా కంప్యూటర్‌కి పెట్టడం ఎలాగూ చేయాల్సినవే. రైజెన్ ప్రాసెసర్ ఉన్నవాళ్లు బయాస్ (కంప్యూటర్ బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) ఎంత పాతదో చూసుకోండి. కొన్ని రైజెన్ సిస్టమ్‌లలో ఎఫ్‌టీపీఎం అనే భద్రతా ఏర్పాటు వల్ల విండోస్ ఉండుండి ఆగుతోందని ఏఎండీ 2022 మార్చిలో ఒప్పుకుంది. ఆ ఏడాది మే నుంచి వచ్చిన బయాస్‌లలో దాన్ని సరిచేసింది. ఇలాంటి కట్‌లకి టైము నియమం ఉండదు, కానీ సిస్టమ్ అంతా ఒక్క క్షణం బిగుసుకుంటుంది, మౌస్ కూడా కదలదు. అలా అయితే సౌండ్ సెట్టింగుల జోలికి పోకుండా ముందు బయాస్ అప్‌డేట్ చేయండి.

ఏ డ్రైవర్

సౌండ్ కార్డు కంపెనీ సొంత ఏషియో డ్రైవర్ (ఆడియోని తక్కువ ఆలస్యంతో పంపే రకం) ఇచ్చి ఉంటే దాన్నే వాడండి. ఏషియో ఫర్ ఆల్ పేరుకి ఏషియోనే, నిజానికి విండోస్ మామూలు డ్రైవర్ మీద వేసిన తొడుగు. సొంత డ్రైవర్ లేని పరికరాలకీ, లాప్‌టాప్‌లో ఉన్న సౌండ్‌కీ అది చాలా మేలు చేస్తుంది. ఒక్క లాప్‌టాప్‌తో ప్రాక్టీసు చేసే విద్యార్థికి నేను సిఫారసు చేసేది అదే, లేదా విండోస్‌లోనే ఉండే వాసాపి ఎక్స్‌క్లూజివ్ మోడ్. మంచి కార్డు పెట్టుకుని దాని సొంత డ్రైవర్ వదిలేసి దీన్ని వాడటం మాత్రం తిరోగమనం.

దీనిలోనే ఒక ఉచ్చు ఉంది, దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. యూఎస్‌బీ కండెన్సర్ మైక్ కొంటారు. హెడ్‌ఫోన్ లాప్‌టాప్‌కే పెడతారు. ఏషియో ఫర్ ఆల్‌లో రెండూ టిక్ చేస్తారు. రెండు పరికరాల్లోనూ ఎవరి గడియారం వాళ్లకే ఉంటుంది. రెండూ 48,000 అనే చెబుతాయి, కానీ రెండు క్రిస్టళ్లు అచ్చంగా ఒకే వేగంతో నడవవు. తేడా పది లక్షలకు 50 ఉందనుకోండి. 48,000లో అది సెకనుకు 2.4 శాంపిళ్లు. ఆ లెక్కన 128 శాంపిళ్ల తేడా పేరుకోవడానికి 53 సెకన్లు పడుతుంది. దాన్ని సరిచేసే ఏర్పాటు లేకపోతే అక్కడ ఒక ‘టక్’, ఇంకో 53 సెకన్లకి ఇంకోటి. మెషిన్ ఎంత వేగవంతమైనదైనా, లేటెన్సీమోన్ అంతా పచ్చగా చూపిస్తున్నా ఇది వస్తూనే ఉంటుంది.

దీన్ని పట్టుకోవడానికి మంచి పద్ధతి ఉంది. బఫర్ రెట్టింపు చేసి టెస్టు మళ్లీ చేయండి. కట్‌ల మధ్య ఎడం కూడా దాదాపు రెట్టింపైతే అనుమానం గడియారాల మీదే. కట్ పూర్తిగా మాయమైతేనో, ఎడం మారకుండా అలాగే వస్తుంటేనో అది వైఫై, బ్యాటరీ బాపతు. బఫర్ పెంచగానే కట్‌లు సగానికి తగ్గాయని సంతోషించి వదిలేసేవాళ్లు ఈ తేడా చూసుకోవాలి, ఎందుకంటే గడియారాల తేడా బఫర్‌తో పోదు.

మందు ఒక్కటే: రాకపోకలు రెండూ ఒకే పరికరం మీద. చాలా యూఎస్‌బీ మైకులకి హెడ్‌ఫోన్ జాక్ దానికే ఉంటుంది, అందులో పెట్టుకోండి. రెండు కార్డుల్ని ఎస్‌పీడీఐఎఫ్, ఏడాట్ లాంటి డిజిటల్ కనెక్షన్‌తో కలిపినవాళ్లు ఒకదాన్ని మాస్టర్ చేసి, రెండోదాని క్లాక్ సోర్స్ ఎక్స్‌టర్నల్‌లో పెట్టాలి. రెండూ ఇంటర్నల్‌లో ఉంటే టక్ టక్ తప్పదు.

కొత్త కార్డు కొనాలా, మ్యాక్ కొనాలా

పై కారణాలన్నీ చూశాక, ఒకే కార్డు, ఒకే డ్రైవర్, చల్లటి మెషిన్ మీద కూడా 128 దగ్గర కట్‌లు వస్తుంటే అప్పుడు కార్డు మార్చడంలో అర్థం ఉంది. ముందు దాన్ని వేరే కంప్యూటర్‌కి వేరే కేబుల్‌తో పెట్టి ఒకసారి చూడండి. కొనేటప్పుడు ప్రీఆంప్ (మైక్ శబ్దాన్ని పెంచే భాగం), బిట్ల సంఖ్యల కంటే డ్రైవర్‌కి ఎక్కువ విలువ ఇవ్వండి. రెండు కార్డుల్లోనూ బఫర్ 128 అనే ఉన్నా, డ్రైవర్ లోపల పెట్టుకునే అదనపు బఫర్ల వల్ల రానుపోను ఆలస్యం వేరువేరుగా ఉంటుంది. ఆర్‌ఎంఈ కార్డులకి ఈ విషయంలో ఏళ్లుగా మంచి పేరు, ధర కూడా అలాగే ఉంటుంది. తక్కువ ధరలో మోటు ఎం2 తక్కువ లేటెన్సీకి (ఆలస్యానికి) పేరు తెచ్చుకుంది. చేతిలో ఉన్న కార్డు పనిచేస్తూ ఉంటే, కేవలం కట్ల కోసం ఇటు రావద్దు.

మ్యాక్‌లో కోర్ ఆడియో అనే శబ్ద వ్యవస్థ సిస్టమ్‌లోనే ఉంటుంది. క్లాస్ కంప్లయంట్ కార్డులకి (విడిగా డ్రైవర్ అక్కర్లేనివి) ఆ గొడవే లేదు. రెండు పరికరాలు కలపాలంటే ఆగ్రిగేట్ డివైస్‌లో, గడియారాల తేడాని సరిచేసే డ్రిఫ్ట్ కరెక్షన్ టిక్ చేసుకోవచ్చు. రోజూ సెషన్లు చేసి దానిమీద బతికేవాళ్లకి ఈ ప్రశాంతత ఖర్చుకి తగ్గదే. అలాగని అక్కడ కట్‌లే ఉండవనుకోవద్దు. 2018లో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్, మ్యాక్‌బుక్ ప్రో, మ్యాక్ మినీలలో యూఎస్‌బీ ఆడియో కట్ అవుతుండేది. టైముని ఇంటర్నెట్ నుంచి ఆటోమేటిగ్గా సరిచేసుకునే సెట్టింగ్ ఆపితే తగ్గుతోందని వాడేవాళ్లు కనిపెట్టారు. 2019 మార్చిలో వచ్చిన మ్యాక్ ఓఎస్ 10.14.4లో యాపిల్ దాన్ని మెరుగుపరిచింది. సెకండ్ హ్యాండ్‌లో ఆ మోడళ్లు కొంటుంటే ఓఎస్ వెర్షన్ చూసుకోండి.

లైనక్స్ దారి

ఓపిక ఉన్నవాళ్లకి ఇది మంచి దారి, ఖర్చూ లేదు. కానీ ముందు మీ ప్లగిన్ల లిస్టు రాసుకోండి. రీపర్, బిట్‌విగ్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు నేరుగా నడుస్తాయి. విండోస్ ప్లగిన్లని యాబ్రిడ్జ్ అనే ప్రోగ్రాంతో నడపొచ్చు, అన్నీ నడుస్తాయన్న హామీ లేదు. కాంటాక్ట్ అనే శాంప్లర్ లైబ్రరీల మీదే మీ పని అంతా ఉంటే ఈ దారి వద్దంటాను.

ఇక్కడా ఎంపికలున్నాయి. పైప్‌వైర్ అనే ఆడియో సర్వర్ 2021లో ఫెడోరా 34 నుంచి, 2022లో ఉబుంటు 22.10 నుంచి డిఫాల్ట్‌గా వస్తోంది. బ్రౌజర్, డీఏడబ్ల్యూ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) ఒకే కార్డు మీద కలిసి నడవాలంటే అదే హాయి. టెర్మినల్‌లో పీడబ్ల్యూ-టాప్ నడిపితే ఈఆర్‌ఆర్ కాలమ్‌లో ఎన్ని కట్‌లు పడ్డాయో లెక్క ఉంటుంది. ఆ అంకె ఏ క్షణంలో పెరిగిందో కళ్ల ముందే కనిపిస్తుంది కాబట్టి కట్‌ల మధ్య ఎడం కొలవడం విండోస్ కంటే తేలిక. రికార్డింగుకే కేటాయించిన మెషిన్ అయితే జాక్ అనే పాత ఆడియో సర్వర్ ఇప్పటికీ నమ్మదగ్గదే. యూఎస్‌బీ కార్డుతో పీరియడ్‌లు (బఫర్‌లో ఎన్ని ముక్కలో) 2కి బదులు 3 పెడితే చాలాసార్లు కుదుటపడుతుంది.

రియల్ టైమ్ కెర్నెల్ (ఆలస్యం లేకుండా ఆడియోకి ముందు పని ఇచ్చే లైనక్స్ మూలభాగం) కావాలా? దాన్నిచ్చే ప్రీఎంప్ట్ ఆర్‌టీ 2024 నవంబరులో వచ్చిన 6.12 నుంచి అసలు కెర్నెల్‌లోనే కలిసింది, ప్యాచ్‌ల బాధ తగ్గింది. కానీ 128 దగ్గర వాయించేవాళ్లకి మామూలు కెర్నెల్‌లో త్రెడ్‌ఐఆర్‌క్యూస్ ఆప్షన్ పెట్టి, యూజర్‌కి ఆర్‌టీ ప్రయారిటీ, మెమ్‌లాక్ అనుమతులు ఇచ్చి, ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గవర్నర్‌ని పెర్ఫార్మెన్స్‌లో ఉంచితే సాధారణంగా సరిపోతుంది. 64 కంటే కిందికి వెళ్లాలనుకుంటే ఆర్‌టీ వేసుకోండి. ఒకటి మాత్రం ఏ కెర్నెలూ ఆపలేదు. బయాస్ తన సొంత పనికోసం ప్రాసెసర్‌ని లాక్కునే ఎస్‌ఎంఐలు ఆపరేటింగ్ సిస్టమ్‌కి కనిపించవు. హెచ్‌డబ్ల్యూలాట్‌డిటెక్ట్ అనే ప్రోగ్రాం నడిపితే అలాంటి ఖాళీలు బయటపడతాయి. అవి పెద్దవిగా ఉంటే బయాస్ అప్‌డేట్ చేయండి, అందులో యూఎస్‌బీ లెగసీ సపోర్ట్ ఆపి చూడండి. అప్పటికీ పోకపోతే ఆ మెషిన్‌ని మిక్సింగ్‌కి ఉంచుకోండి. కంప్యూటర్ మార్చమని నేను చెప్పేది ఈ ఒక్క సందర్భంలోనే.

స్టేజి మీద లాప్‌టాప్‌తో వాయించేవాళ్లకి వేరే మాట. మీకు 256 చాలు. ఎంత తక్కువలో నడుస్తుందో చూసుకునే చోటు అది కాదు. కచేరీకి ముందు ఇంట్లో పాటల వరుస అంతా, అదే చార్జర్‌తో, అదే హబ్‌తో, నెట్ ఆపి, అంతసేపూ నడిపి చూడండి.

ఏం మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చి పావుగంట టోన్ మళ్లీ రికార్డు చేయండి. ఐదు సెట్టింగులు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, తర్వాత విండోస్ అప్‌డేట్ వచ్చి దాన్ని వెనక్కి తిప్పినప్పుడు మళ్లీ మొదటికొస్తారు. బాగా నడిచిన డ్రైవర్ వెర్షన్ నంబరు రాసి పెట్టుకోండి, దాని ఇన్‌స్టాలర్ ఫైల్‌ని కూడా పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి.